వెనక్కి తిరిగి చూడని కెమెరా

ఆంగ్లంలోని ‘స్లాకర్’ అన్న మాటకు మనం పనిదొంగ అని అర్థం చెప్పుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధకాలపు అమెరికాలో అది సైన్యంలో చేరకుండా తప్పించుకు తిరిగేవాళ్ళను తిట్టే మాట. 1918లో న్యూయార్కులో అటువంటివాళ్ళ కోసం వీధి వీధినా సోదాలు కూడా జరిగాయి. ఆ తిట్టును ఒక తరానికి పేరుగా మార్చడంలో ఇరవై మూడు వేల డాలర్ల సినిమా ఒకదానికి పెద్ద పాత్ర ఉంది. రిచర్డ్ లింక్‌లేటర్ 1989 వేసవిలో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీసిన ‘స్లాకర్’ అది. 1990లో ఆ ఊళ్ళోనే తొలి ప్రదర్శన జరిగింది. 1991లో దేశమంతటా విడుదలయింది.

దీన్ని హాస్యచిత్రం అనే అంటారు. నవ్వు వచ్చే మాట నిజమే. కాని చూసిన ప్రతిసారీ వెన్నులో సన్నగా చలి పుట్టుకొస్తుంది నాకు.

మొదట లింక్‌లేటరే టాక్సీ ఎక్కి, మనం ఎంచుకోని దారులన్నీ ఎక్కడో వేరే లోకాలుగా సాగుతూ ఉంటాయని డ్రైవరుతో చెప్పుకుపోతాడు. డ్రైవరు ఒక్క మాటా పలకడు. టాక్సీ దిగిన కాసేపటికి నడివీధిలో ఒక స్త్రీని కారు గుద్దేస్తుంది. నడిపినవాడు ఆమె కొడుకే. అతడు ఇంటికి పోయి కొవ్వొత్తులు వెలిగించుకుని, తన చిన్ననాటి ఇంటి సినిమా గోడ మీద వేసుకుని చూస్తూ కూర్చుంటాడు. పోలీసులు వస్తారు. అంతే, కెమెరా ఆ దారిన పోయే మరొకడి వెంట వెళ్ళిపోతుంది. కథ మళ్ళీ ఆ తల్లి దగ్గరకు రాదు.

సినిమా పొడుగునా ఇదే పద్ధతి. దాదాపు వందమంది కనిపిస్తారు, ఒక్కరూ తిరిగి రారు. నటులలో చాలామంది ఆ ఊరివాళ్ళే. ముసలి అరాచకవాదిగా వేసిన లూయీ మాకీ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు. ఇది పేదరికం నేర్పిన శిల్పమని నా అభిప్రాయం. జీతం ఇవ్వలేనివాడు ఎవరినైనా ఎన్నాళ్ళని అడగగలడు? కాని ఆ లేమిలోంచే దయ్యాల సినిమాలకు దొరకని భయం ఒకటి పుట్టింది. దయ్యం కనీసం తిరిగి వస్తుంది కదా.

జిమ్ జార్ముష్ ‘స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్’ (1984) కూడా ఈ వంశానిదే. విమ్ వెండర్స్ దగ్గర మిగిలిన ముడి ఫిల్ముతో దాని మొదటి భాగం తీశారు. ఒక్కొక్క దృశ్యం ఒకే షాటు, ఆపైన కాసేపు నల్లని తెర. పనీ పాటా లేని ముగ్గురు మంచులో ఈరీ సరస్సు చూడబోతారు. అక్కడ సరస్సే కనిపించదు, అంతా తెలుపు. ఆ తెలుపు నన్ను ఏ రక్తపాతమూ భయపెట్టనంతగా భయపెట్టింది. కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రాలకిచ్చే కెమెరా దోర్ బహుమతి ఆ ఏడు దానికే దక్కింది.

మళ్ళీ ‘స్లాకర్’కే వస్తాను. అందులో ఒక ఇంట్లో ఉండే కుర్రాడు చెప్పాపెట్టకుండా గది ఖాళీ చేసి పోతాడు. వరుసగా పేర్చిన పోస్టుకార్డులు మాత్రం మిగులుతాయి. మిత్రులు వాటిని ఒకటొకటిగా చదువుతారు. కాసేపటికి కెమెరా వాళ్ళనూ వదిలేస్తుంది. చదువుకునే రోజుల్లో మా పక్క గది మిత్రుడొకడు ఇలాగే వెళ్ళిపోయాడు. పరుపు చుట్టి పెట్టి, కిటికీలో సబ్బుపెట్టె మరచిపోయాడు. పోస్టుకార్డులు కూడా లేవు. వారం రోజులు అతని గురించే మాట్లాడుకున్నాం, తరువాత పరీక్షలు వచ్చాయి. ఈ సినిమా చూస్తున్నప్పుడు నాకు గుర్తుకొచ్చేది అతడు కాదు, ఆ ఎనిమిదవ రోజు.

చివర కొందరు కుర్రకారు చిన్న సూపర్-8 కెమెరాలు పట్టుకుని కొండ ఎక్కి, ఒకరినొకరు తీసుకుంటూ గంతులు వేస్తారు. ఒకడు కెమెరాను కొండ మీది నుంచి విసిరేస్తాడు. తెర మీద ఆకాశమూ నేలా గిర్రున తిరుగుతాయి. అది ఎక్కడ పడిందో చూపించడానికి మరో కెమెరా లేదు.