అయిదవ జార్జి వెండి రూపాయి

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మొదలగు మామిడితోటల సీమలో, తరతరముల నాటి ఇండ్లయందు, దేవుని గూటిలోనో ఇనుప పెట్టె అడుగుననో పసుపుబట్టలో మూటగట్టిన నాలుగైదు వెండి రూపాయలు కానవచ్చుట ఇప్పటికిని కలదు. వరలక్ష్మీవ్రతమునాడు కలశము చెంత నుంచి కుంకుమ అద్దుటయే గాని, వాటిని త్రిప్పి చూచి, ఇది ఏ రాజు బొమ్మ, ఇది ఏ సంవత్సరమున ఏ టంకశాలలో పుట్టినది అని విచారించువారు కొలదిమంది. నాణెముల సేకరణము శ్రీమంతుల వినోదమనియు, గుప్తుల బంగారు దీనారములను, మొగలాయి మొహరులను కొనగలవారికే అది చెల్లుననియు అనేకులకు ఒక భావము కలదు. ఆ భావము సరికాదనుటకు సాక్ష్యము ఆ పసుపుమూటలోనే ఉన్నది. 1911 మొదలు 1922 వరకు అయిదవ జార్జి చక్రవర్తి ముఖముతో వెలువడిన వెండి రూపాయల వరుస, నెల జీతముపై బ్రతుకు గృహస్థుడు సయితము నిదానముగా కూర్చుకొనదగినది. అంతేకాక, ఏ నాణెము కోట్లకొలది ముద్రితమై, ఎల్లవారి చేతులును మారి, అందుచేతనే నేడు చౌకగా దొరకుచున్నదో, ఆ నాణెమునందే లోకచరిత్ర ఎక్కువగా ఇమిడియుండునని నా దృఢమైన అభిప్రాయము.

రూపాయి వంశవృక్షము పెద్దది. 1540 మొదలు 1545 వరకు ఢిల్లీ నేలిన షేర్షా సుమారు 178 గ్రెయినుల తూకముతో వెండి రూపాయిని స్థిరపరచగా, మొగలాయి చక్రవర్తులు దానిని తమ సామ్రాజ్యమంతట వ్యాపింపజేసిరి. అయితే కృష్ణా తీరమున అంతకాలమును చెలామణియైనది బంగారు వరహాయే. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మటగాని రూపాయికి ఈ ప్రాంతమున అధికారము కలుగలేదు. కాని వెండి మాత్రము అంతకు పూర్వమే సముద్రము మీదుగా మచిలీపట్టణమునకు వచ్చుచుండెను. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అచ్చట దిగి, మన సాలెల నేతవస్త్రములకును అద్దకపు చీటీబట్టలకును వెల యిచ్చుటకు తమవద్ద తగిన సరకు లేక, స్పెయినువారి రియాళ్లను పెట్టెలతో తెచ్చిరి. మెక్సికో, పెరూ గనులలో త్రవ్వబడిన వెండి అది. అమెరికా డాలరునకు మాతృక యగు నాణెమదియే. అనగా అమెరికా వెండి కృష్ణా మండలమునకు వచ్చుట మన తాతల కాలమున జరిగిన వింత కాదు. అంతకు మూడువందల యేండ్ల ముందే ఒకమారు వచ్చినది. రెండవమారు వచ్చిన కథను ముందు చెప్పెదను, ఏలయన ఈ వ్యాసమునకు ప్రాణమదియే.

ఈస్టిండియా కంపెనీ పాలనమున పలువిధములైన రూపాయలును, వరహాలును, డబ్బులును ఏకకాలమున చెలామణి యగుచుండుటచే షరాబునకు పండుగయు, రైతునకు బెడదయు నయ్యెను. 1818లో మద్రాసు ప్రభుత్వము 100 వరహాలకు 350 రూపాయల లెక్కను నిర్ణయించి రూపాయిని ప్రమాణనాణెము చేసినది. 1835లో నాలుగవ విలియం పేర దేశమున కంతకును ఒకే రూపాయి ఏర్పడినది: తూకము 180 గ్రెయినులు, అనగా నేటి లెక్కను 11.66 గ్రాములు, అందు 12 పాళ్లలో 11 పాళ్లు స్వచ్ఛమైన వెండి. రాజులు మారిరి, బొమ్మలు మారెను. కాని ఈ తూకమును, ఈ మేలిమియు నూరేండ్లకు పైగా మారలేదు. మద్రాసు టంకశాల 1869లో మూతపడుటచే అటుపిమ్మట అయిదవ జార్జి కాలమువరకు మన జిల్లాలకు వచ్చిన ప్రతి రూపాయియు బొంబాయిలోనో కలకత్తాలోనో పుట్టినదే.

ఈ స్థిరత్వము వలన రూపాయి ధనము మాత్రమే గాక తూనికరాయి కూడ నయ్యెను. రూపాయి బరువే తులము. మూడు తులములు పలము. నలువది పలములు, అనగా 120 రూపాయల ఎత్తు, వీసె. ఎనిమిది వీసెలు మణుగు. ఆవకాయకు ఉప్పు, కారము, ఆవపిండి వీసెల లెక్కను కూర్చిన ఇల్లాలును, కషాయమునకు శొంఠి రూపాయెత్తు వేయుమని చెప్పిన వైద్యుడును, త్రాసులో గురిగింజలకు ఎదుట తులమును నిలిపిన కంసాలియు, తెలిసియో తెలియకయో ఆ 180 గ్రెయినుల శాసనమునే పాటించిరి. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చి, గ్రాములును కిలోలును అలవాటైన తరువాతగాని ఆ బంధము తెగలేదు. బంగారము కొనుచోట తులమను పేరు నేటికిని తెగలేదు.

నూజివీడు ఒకప్పుడు మేకావారి జమీందారీ. 1802 నాటి శాశ్వత పరిష్కారము మొదలు జమీందారులు సర్కారునకు పేష్కషును, రైతులు జమీందారునకు శిస్తును కిస్తుల ప్రకారము చెల్లింపవలసివచ్చినది. ఆ చెల్లింపు కాగితములతో గాక, చాలకాలము లోహముతోనే జరిగినది. మామిడిపూత నిలిచినదో లేదో చూచి తోటను గుత్తకు మాట్లాడుకొను వర్తకుడు రొంటిని కట్టిన జాలె విప్పి బజానా ఇచ్చినను, చిన్నరసముల కాపు దిగిన పిమ్మట మిగిలిన పైకము తీర్చినను, ఇచ్చినది ఈ రూపాయినే. పుచ్చుకొనువాడు దానిని ఊరకే పుచ్చుకొనలేదు. బొటనవ్రేలి గోటితో మీటియో, బండపై వేసియో దాని మ్రోత వినెడివాడు. మేలిమి వెండి ఖంగున మ్రోగి ఆ నాదము కొంతసేపు నిలుచును, సీసము కలిసిన దొంగరూపాయి టప్పున పడి ఊరకుండును. చదువురాని కూలివానికి సయితము తెలిసిన ఈ పరీక్ష నేటి సేకర్తకును పనికివచ్చుచున్నది.

ఇక అయిదవ జార్జి. 1911లో వెలువడిన మొదటి రూపాయిపై చక్రవర్తి కిరీటము ధరించి, ఎడమవైపు చూచుచు, మెడలో ఇండియన్ ఎంపైర్ బిరుదునకు చెందిన హారము దాల్చియుండెను. ఆ హారమున నొక యేనుగు బొమ్మ కలదు. చెక్కిన శిల్పి దాని తొండమును మిక్కిలి పొట్టిగా చేయుటచే అది ఏనుగువలె గాక పందివలె కనబడుచున్నదని ముస్లిములలో కలవరము పుట్టినది. ముద్రితమైన 94 లక్షలలో సుమారు 7 లక్షలు మాత్రమే బయటికి వెళ్లియుండెను; ప్రభుత్వము తక్కినవానిని ఆపి కరగించి, తొండమును, చెవిని స్పష్టముగా దిద్ది 1912 నుండి క్రొత్త అచ్చును వాడినది. వ్రేలిగోరు చివరంత కూడ లేని బొమ్మకై ఒక సామ్రాజ్యము తన నాణెమును మార్చుకొనుట, ఆ నాణెము ఎంత సామాన్యునిచే ఎంత శ్రద్ధగా చూడబడినదో తెలుపుచున్నది. భూతద్దముతో ఈ రెండు ఏనుగులను ప్రక్కప్రక్కన చూచిన పిల్లవాడు సేకరణమును విడువలేడు.

1914లో ఐరోపా యుద్ధము వచ్చినది. గోధుమలు, జనుము, తోళ్లు, సైనికసామగ్రి దేశమునుండి వెల్లువగా ఎగుమతియయ్యెను. మెసొపొటేమియాలోని సేనలకు సయితము రూపాయలలోనే జీతములు ఇయ్యవలసివచ్చెను. రైతు వెండిని నమ్మునుగాని కాగితమును నమ్మడు. చేతికి వచ్చిన రూపాయిని పాతరవేసిన తరువాత అది మరల బజారునకు రాదు. ఇంతలో వెండి వెల పెరిగి, 1917లో రూపాయిని ముద్రవిలువకు ఖర్చుచేయుటకంటె కరగించుటయే లాభమను స్థితి యేర్పడగా, నాణెములను కరగించుటయు ఎగుమతి చేయుటయు నేరములని ప్రభుత్వము శాసించినది. ఆ యేడు నవంబరు 30న మొట్టమొదటి ఒక రూపాయి నోటును, ఆ వెంటనే 1918 ఆరంభమున రెండున్నర రూపాయల నోటును విడుదల చేసినది. 1918 వసంతమున పశ్చిమ రంగమున జర్మనులు ముందుకు వచ్చుచున్నారను వార్త వ్యాపింపగా, జనులు నోట్లు చేతబట్టి వెండి కొరకు బొంబాయి కరెన్సీ కార్యాలయముపై విరుచుకొనిపడిరి. ఖజానాలో వెండి అడుగంటినది. నోటుకు రూపాయి ఇయ్యలేమని సర్కారు ఒక్కదినము చెప్పియుండినచో ఈ దేశమున ఏమి జరిగియుండునో ఊహించుటకే భయము కలుగుచున్నది.

అప్పుడు దిక్కయినది అమెరికా. ఆ దేశపు ఖజానాలో, 1878 మొదలు జార్జి మోర్గన్ చెక్కిన అచ్చుతో వేసిన వెండి డాలర్లు కోట్లకొలది సంచులలో నిద్రించుచుండెను. అచ్చటి ప్రజలు కాగితమునకు అలవాటుపడి వానిని కోరుటయే లేదు. నెవాడా రాష్ట్రపు సెనేటరు కీ పిట్‌మన్ పేర 1918 ఏప్రిలు 23న ఒక చట్టము పుట్టి, దాని ప్రకారము 27 కోట్లకు పైగా డాలర్లు కరగించబడెను. అందు 25 కోట్ల 91 లక్షలకు పైబడినవి భారతదేశము కొరకే. ఔన్సు వెండి ఒక డాలరు చొప్పున బ్రిటను కొనగా, కడ్డీలు ఓడలపై మన దేశమునకు వచ్చి, బొంబాయి, కలకత్తా టంకశాలలలో రూపాయలైనవి. లెక్క చూడుడు: ఒక డాలరునందలి స్వచ్ఛమైన వెండి 371.25 గ్రెయినులు, ఒక రూపాయియందలిది 165 గ్రెయినులు; కనుక కరగిన ప్రతి డాలరును సరిగా రెండుంబావు రూపాయలకు సరిపోవును, మొత్తము మీద 58 కోట్ల రూపాయలకు చాలినంత వెండి. 1918, 1919 సంవత్సరములలో ఒక్కొక్క టంకశాలయు ఏటికి 20 కోట్లకు పైగా రూపాయలు వేసినది.

కావున 1919 సంవత్సరపు ముద్ర గల రూపాయి నూజివీడు ఇంటిలో పసుపుబట్ట విప్పినప్పుడు కనబడినచో, అది అంతకు ముందు డాలరై, స్వేచ్ఛాదేవి ముఖము దాల్చి, పసిఫిక్ తీరపు ఖజానాలోనో ఫిలడెల్ఫియాలోనో ఉండియుండవచ్చును. అమెరికా సేకర్తలు నేటికిని చింతించు విషయమొకటి కలదు: కరగించిన డాలర్లు ఏ యే సంవత్సరములవో ఎవరును వ్రాసియుంచలేదు, అందుచే ఏ సంవత్సరపువి ఎన్ని మిగిలెనో వారికి తెలియదు. వారు పోగొట్టుకొనిన వెండి మన రైతుల పెట్టెలలోనికి, మన ఆడబిడ్డల దండలలోనికి చేరినది. వారి మోర్గన్ డాలరు వారికి ఎంత ప్రియమైనదో, మన జార్జి రూపాయి మనకు అంత ప్రియము కాదగును. రెండింటిదియు ఒకే లోహము, ఒకే కథ.

ఆ వెండి కరవు వలన తెలుగువానికి మరియొక లాభము కలిగినది. వెండి రూపాయిపై మన లిపి లేదు. ఆంగ్లమును పారసీకలిపియు మాత్రమే కలవు. వెండిని పొదుపు చేయుటకై 1918 మొదలు చిన్ననాణెములను నికెలు కలిసిన లోహముతో వేసినప్పుడు రెండణాలపైనను, పావలాపైనను, అర్ధరూపాయిపైనను విలువను తెలుగు లిపిలో కూడ ముద్రించిరి. వరుసను కూర్చువారు ఈ మూడింటిని కూడ చేర్చుకొనుట నాకు ఇష్టము.

యుద్ధానంతరము ఖజానా నిండినది. 1921లోను, 1922లోను బొంబాయి మాత్రమే, అదియు కొలదిగా, రూపాయలు వేసినది. అంతటితో ఈ వరుస ముగిసినది. రెండవ ప్రపంచయుద్ధమున, 1940లో, ఆరవ జార్జి రూపాయియందలి వెండి సగమునకు తగ్గించబడినది. విక్టోరియా రూపాయలు 1941లోను, ఏడవ ఎడ్వర్డువి 1942లోను, అయిదవ జార్జివి 1943లోను చెల్లుబాటు కోల్పోయినవి. సర్కారు పిలిచినను వెళ్లక దాగినవే నేడు మనకు దొరకునవి.

ఈ వరుసనే ఏల యెన్నవలెను? విక్టోరియా రూపాయలపై 1862 అను సంవత్సరమే 1874 వరకు కొనసాగుటచే, చుక్కలను లెక్కించి కాలము నిర్ణయింపవలసిన చిక్కు కలదు. ఆరవ జార్జి వరుసలో 1939 రూపాయి సామాన్యునికి అందనిది. అది లేనిదే వరుస పూర్తి కాదు. అయిదవ జార్జి వరుసలో అట్టి ప్రతిబంధకము లేదు: 1911 నుండి 1920 వరకు ఏటికి రెండు టంకశాలలవి 20, తరువాతి రెండేండ్లవి 2, వెరసి 22 నాణెములు. 1916 నుండి 1919 వరకు గలవానికి వెండి ధరకంటె ఎంతయో అధికముగా ఇయ్యనక్కరలేదు. 1911, 1921, 1922 సంవత్సరములవానికి మాత్రము కొంత ఓపిక పట్టి, కొంత కూడబెట్టవలెను.

కొనునప్పుడు చూడవలసినవి స్వల్పము. దండలో గ్రుచ్చుటకు కొండి అతికించి తరువాత ఊడదీసిన మచ్చ అంచున ఉన్నచో నాణెమునకు వెల తగ్గును. చింతపండుతోనో విభూతితోనో తోమి మెరయించిన రూపాయి పూజకు యోగ్యమే గాని సేకర్తకు కాదు. నూరేండ్ల నీలిచాయను ఒక్క తోముడుతో పోగొట్టినచో మరల తెచ్చుటకు ఉపాయము లేదు. ఇంటియందున్నవారిని ముందుగా ఈ విషయమున హెచ్చరింపవలెను. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము పురావస్తువగుటచే, విదేశములందున్న బంధువులకు పంపుట నిషిద్ధము. ఈ వరుస యంతయు నేడు ఆ గడువు దాటినది. త్రాసు, అయస్కాంతము, భూతద్దము ఈ మూడును వెంట నుండవలెను: తూకము అరిగినంత మేరకు తప్ప 11.66 గ్రాములకు తగ్గరాదు, అయస్కాంతమునకు అంటరాదు. వెనుకవైపు అడుగున పద్మము చెంత ఉబ్బెత్తుగా చిన్నచుక్క ఉన్నచో అది బొంబాయిది, లేనిచో కలకత్తాది. 1921, 1922 సంవత్సరములలో కలకత్తా రూపాయి వేయనే లేదు గనుక, చుక్క లేని 1922 రూపాయిని ఎవరైన చూపినచో, ఎంత చౌకగా చెప్పినను, తెలిసినవారికి చూపక కొనరాదు.