ఇంటి వాతావరణ కేంద్రం: ఉత్తర తెలంగాణలో వాన లెక్కల చరిత్ర

ఇంటి వాతావరణ కేంద్రం అంటే పెరట్లోనో పొలం గట్టునో నిలబెట్టుకునే కొలత పరికరాల సెట్టు. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గాలి దిక్కు, వాన, వాయుపీడనం అనే ఆరింటినీ ఇది రాత్రింబవళ్లు కొలుస్తుంది. ఆరుబయట ఉండే యూనిట్ తన లెక్కలను తీగలేమీ లేకుండా రేడియో తరంగాల మీద ఇంట్లోని చిన్న తెరకు పంపుతుంది. అక్కడి నుంచి వైఫై ద్వారా అవి ఫోనుకు చేరతాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ పరికరం కొత్తది. ఈ గోదావరి తీరపు వాన లెక్క మాత్రం దాదాపు రెండు వేల ఏళ్ల నాడే గ్రంథానికెక్కింది. వాన కొలిచే చోటు రాజుగారి కొఠారు ముంగిలి నుంచి తాలూకా కచేరీకి, మండలానికి, చివరకు ఇంటి పెరటికి దగ్గరవుతూ వచ్చిన క్రమమే ఈ వ్యాస విషయం.

ప్రాంతం, వాతావరణం

2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనతో పాత కరీంనగర్ జిల్లా ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. గోదావరి, మానేరు, కడెం, పెన్‌గంగ, ప్రాణహిత ఇక్కడి ప్రధాన నదులు. ఏడాది వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య నైరుతి రుతుపవనాలే కురిపిస్తాయి. ఆదిలాబాద్ వైపు సాలీనా వాన 1,000 మి.మీ. దాటుతుంది.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెతకు రామగుండం, ధర్మపురి మండలంలోని జైన లాంటి చోట్లు ఏటా సాక్ష్యం చెబుతాయి. అక్కడ మే నెలలో పాదరసం 45 డిగ్రీలు దాటడం మామూలే. అదే ప్రాంతపు ఉత్తరపు కొసన, తిర్యాణి మండలం గిన్నెధరిలోనూ భీంపూర్ మండలం అర్లి (టి)లోనూ చలికాలపు తెల్లవారుజామున 5 డిగ్రీల దిగువకు పడిపోయిన రోజులున్నాయి. ఇంత తేడా ఉన్న నేలకు ఒకటి రెండు కేంద్రాల లెక్క సరిపోదు.

అశ్మక దేశపు ద్రోణం

కౌటిల్యుడి అర్థశాస్త్రం ధాన్యపు కొఠారు ముందు మూర వెడల్పు మూతి గల పాత్రను వాన కొలతకు ఉంచాలని చెబుతుంది. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో ద్రోణాల్లో లెక్క కడుతూ, అశ్మకుల దేశానికి పదమూడున్నర ద్రోణాలని, అవంతికి ఇరవై మూడని పేర్కొంటుంది. అశ్మకం గోదావరి పరీవాహక జనపదం. దాని రాజధాని పోదనపురం నేటి నిజామాబాద్ జిల్లా బోధనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఉత్తర తెలంగాణ వానకు గ్రంథంలో దొరికే తొలి అంకె ఇదేనని చెప్పుకోవచ్చు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ పద్ధతిని ఇంకా వివరించాడు. మూర వెడల్పు పాత్రలో నిలిచిన నీరు యాభై పలాలైతే ఒక ఆఢకం, నాలుగు ఆఢకాలైతే ఒక ద్రోణం. ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఇన్ని కుంచాల వాన అని చెప్పడం ఆ కొలతల సంప్రదాయానికి కొనసాగింపే.

మిరుగం, పదును

రైతు చేతిలో ఉన్న వాన లెక్క కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిరను ఇక్కడ మిరుగం అంటారు. ఆ రోజు చేపల కూర తినడం, ఇంగువ కలిపిన బెల్లం తినడం ఆనవాయితీ. మిరుగం దాటినా మబ్బు పట్టకపోతే పిల్లలు కప్పను వేపమండలతో కట్టెకు కట్టుకుని కప్పతల్లి ఆడతారు. ఇంటింటా ఆడవాళ్లు దాని మీద బిందెతో నీళ్లు కుమ్మరిస్తారు.

నేల ఎంత తడిసిందో చెప్పే మాట పదును. గుప్పెడు మన్ను పిడికిట బిగించి, ముద్ద కట్టిందా, పొడిపొడిగా రాలిందా అని చూసి విత్తనం మీద నిర్ణయం తీసుకోవడం తరాల విద్య. అది తన చేను గురించి తాను తెలుసుకునే లెక్క. ఆనాడు ఏ కచేరీ రిజిస్టరూ ఆ పని చేయలేకపోయింది.

తాలూకా కచేరీ వానకొలత

1864 నాటి కలకత్తా తుపాను, ఆ తర్వాతి కరవుల అనుభవంతో 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నిజాం రాజ్యంలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన వేధశాల 1908లో ప్రభుత్వం చేతికొచ్చి నిజామియా వేధశాలగా నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ నమోదు చేసింది. జిల్లాల్లో వాన లెక్కకు ఆధారం తాలూకా కచేరీ ఆవరణలోని రెయిన్‌గేజి. 1985లో మండలాలు వచ్చాక ఈ బాధ్యత మండల కార్యాలయాలకు చేరింది.

ఆ పరికరం చాలా సాదాది. ఐదంగుళాల మూతి గల గరాటు, దాని అడుగున సీసా, నేలలోకి పాతిన డబ్బా. గరాటు అంచు నేల నుంచి 30 సెం.మీ. ఎత్తున ఉంటుంది. ఉదయం 8.30కు సిబ్బంది గరాటు ఎత్తి, సీసాలోని నీటిని గీతలున్న గాజు కొలజాడీలోకి వంచి, కంటి ఎత్తున పట్టుకుని చదివి రిజిస్టరులో రాస్తారు. రోజుకు ఒక్క అంకె. వాన రాత్రంతా జల్లుగా పడిందా, గంటలో కుండపోతగా కురిసిందా అన్నది ఆ అంకెలో కనిపించదు. వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాలు ఆదిలాబాద్‌లోనూ రామగుండంలోనూ నడుస్తున్నాయి. జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం పంటలకు సంబంధించిన వాతావరణ లెక్కలు చూస్తూ, వారానికి రెండుసార్లు రైతులకు సూచనలు ఇస్తోంది.

రెయిన్‌గేజి దూరంగా ఉంటే నష్టం ఎలా ఉంటుందో వాన ఆధారిత బీమా బయటపెట్టింది. 2003లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు వేరుశనగ, ఆముదం రైతులకు ఈ తరహా బీమాను దేశంలోనే తొలిసారి ప్రయోగాత్మకంగా ఇచ్చాయి. ఈ పద్ధతిలో పరిహారం చేలో పడిన వానను బట్టి రాదు, కేంద్రంలో నమోదైన వానను బట్టి వస్తుంది. కేంద్రం మీద వాన కురిసి, పక్క ఊరి చేను ఎండితే ఆ రైతుకు పైసా రాదు.

స్వయంచాలిత కేంద్రాలు

మనిషి చేయి పెట్టకుండా తనంత తాను కొలిచి పంపే కేంద్రాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలాలకు చేరాయి. 2014 తర్వాత వాటిని తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ నడుపుతూ విస్తరించింది. ఇప్పుడు రాష్ట్రంలో వెయ్యికి పైగా కేంద్రాలున్నాయి. సోలార్ పలక, బ్యాటరీ, మొబైల్ సిమ్ ఉన్న ఆ స్తంభాల నుంచి లెక్కలు గంట గంటకూ హైదరాబాద్ చేరుతుంటాయి. జైన, గిన్నెధరి, అర్లి లాంటి ఊళ్ల పేర్లు పత్రికల్లోకి రావడానికి కారణం ఈ కేంద్రాలే. ఈ లెక్కలను వాడుతూనే తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతో టి. బాలాజీ లాంటి ఔత్సాహికులు రోజూ వేలమందికి వాన కబురు అందిస్తున్నారు.

ఈ కేంద్రాల విలువ రెండు వరదల్లో తేటతెల్లమైంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి గేట్ల మీదుగా పొర్లింది. 2023 జూలై 27 ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ., భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. వాన నమోదైంది. అంతకు ముందు రాష్ట్రంలో అత్యధికం 2013 జూలై 19న వాజేడులో పడిన 517.5 మి.మీ. వాతావరణ శాఖ లెక్కలో ఒక్క రోజులో 204.4 మి.మీ. దాటితేనే అత్యంత భారీ వర్షం. లక్ష్మీదేవిపేటలో పడింది అందుకు మూడు రెట్లకు పైమాట.

పరికరం ఇంటికి చేరిన తీరు

ఇంటి కేంద్రంలోని భాగాలు ఒక్కొక్కటీ వేరువేరు కాలాల్లో పుట్టాయి. కొరియాలో సెజోంగ్ రాజు కాలంలో 1441లో వానపాత్రను రూపొందించి, ఆ తర్వాత ఒకే కొలతతో దేశమంతటా పంచారు. నిండగానే దొప్ప దానంతట అదే ఒరిగే వానకొలత ఆలోచన 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ రెన్‌ది. గాలికి తిరిగే నాలుగు గిన్నెల పరికరాన్ని 1846లో ఐర్లండ్‌కు చెందిన రాబిన్సన్ రూపొందించాడు. ఎండ నేరుగా తగలకుండా ఉష్ణమాపకాన్ని కాపాడే పలకల పెట్టె 19వ శతాబ్దపు స్కాట్లండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ పేరు మోస్తోంది. వీటన్నిటికీ చిప్పులు, రేడియో జోడించి 20వ శతాబ్దం చివర్లో డేవిస్ లాంటి కంపెనీలు ఇళ్లకు సరిపడే సెట్లు తెచ్చాయి. 1995లో మొదలైన వెదర్ అండర్‌గ్రౌండ్ అనే వెబ్‌సైట్ ఇళ్ల లెక్కలను ఇంటర్నెట్‌లో ఒకచోట చేర్చింది. చవక చిప్పులు, ఆర్డుయినో బోర్డు వచ్చాక ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కేంద్రాలు కట్టుకోగలుగుతున్నారు.

ఇంటి కొలతలు ఎందుకు కావాలో 1997 జూలైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణం చూపించింది. పట్టణం ఒక కొసన 14 అంగుళాలకు పైగా, మరో కొసన 2 అంగుళాల లోపు వాన పడి ఘోరమైన వరద వచ్చింది. మరుసటి ఏడాదే అక్కడ పౌరుల వానకొలతల బృందం పుట్టింది. మన దగ్గర కేరళ వయనాడ్‌లో హ్యూమ్ సెంటర్ అనే సంస్థ స్థానికులతో కలిసి రెయిన్‌గేజిల వల అల్లింది. 2024 జూలై 30 నాటి కొండచరియల విషాదానికి ముందు ఆ కొలతల ఆధారంగానే అది హెచ్చరిక జారీ చేసింది.

అమరిక, ఇక్కడి జాగ్రత్తలు

డాబా మీద కేంద్రం పెట్టడం సులువు, కానీ కొలత తప్పుతుంది. మే నెల ఎండకు కాగిన స్లాబు సాయంత్రం దాటినా సెగ కక్కుతూ ఉష్ణోగ్రతను పెంచి చూపుతుంది. గడ్డి, మట్టి ఉన్న చోట నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, తెల్లటి పలకల గూటిలో ఉష్ణోగ్రత, తేమ సెన్సరు ఉండాలి. గాలి కొలతకు ప్రామాణిక ఎత్తు 10 మీటర్లు. ఇంటి వద్ద అది కుదరకపోతే, చెట్లకూ గోడలకూ వీలైనంత ఎత్తుగా, ఎడంగా నిలపాలి. దిక్కు చూపే పుల్లను ఉత్తరానికి సరిచేయాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలు సముద్ర మట్టానికి దాదాపు 265 మీటర్ల ఎత్తున ఉన్నందున వాయుపీడనం దాదాపు 30 హెక్టోపాస్కల్స్ తక్కువ చూపుతుంది. సెట్టింగులో ఊరి ఎత్తు నమోదు చేస్తే అది సర్దుకుంటుంది.

వానకొలతను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గరాటు మూతి వెడల్పు 16 సెం.మీ. అయితే దాని వైశాల్యం దాదాపు 200 చదరపు సెం.మీ. అందులో 200 మి.లీ. నీటిని సన్నటి ధారగా పోయాలి. లోపల దొప్ప నిండి ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా టిక్కుమని చప్పుడవుతుంది. ఒక్కో టిక్కు 0.2 మి.మీ. అయితే యాభై టిక్కులు వినిపించి, తెర మీద 10 మి.మీ. కనిపించాలి. అంకె బాగా తగ్గితే కేంద్రం చట్టం ఒరిగి ఉంటుంది, లేదా గరాటులో వేపాకు, పిట్ట రెట్ట, సాలెగూడు అడ్డుపడి ఉంటుంది. మిరుగానికి ముందు ఒకసారి, వానాకాలం నడుమ నెలకోసారి గరాటు కడగాలి.

కోతుల బెడద ఉన్న ఊళ్లలో గాలి కొలిచే గిన్నెలు విరగకుండా నునుపైన ఇనుప గొట్టం మీద, కొమ్మలకు దూరంగా పెట్టడం మేలు. పంజరం బిగిస్తే గాలి కొలత పాడవుతుంది. ఖాళీ చేలో నిలబడ్డ ఇనుప గొట్టం పిడుగును పిలుస్తుంది కాబట్టి ఎర్తింగ్ తప్పనిసరి. ఉరుముతున్నప్పుడు దాని దగ్గరకు వెళ్లకూడదు. కొనేటప్పుడు రేడియో తరంగాన్నీ చూసుకోవాలి. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే సెట్లకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ సెట్లు మన నిబంధనలకు నప్పవు. ఇటుక గోడలు, స్లాబులు అడ్డొస్తే కంపెనీ చెప్పిన దూరం బాగా తగ్గిపోతుంది.

వినియోగం

ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి విత్తే రైతుకు మొదటి ప్రశ్న ఇప్పుడు విత్తాలా, ఆగాలా అన్నదే. 60 మి.మీ.కు పైగా వాన పడి నేల బాగా తడిశాకే విత్తమని వ్యవసాయ అధికారులు చెబుతారు. తొలి జల్లుకే తొందరపడితే మొలక మాడి, విత్తనం మళ్లీ కొనాల్సి వస్తుంది. సొంత కొలత ఉంటే తన చేలో ఎంత పడిందో అతనికి కచ్చితంగా తెలుస్తుంది. ఎకరం మీద 1 మి.మీ. వాన అంటే దాదాపు 4,000 లీటర్ల నీరు. ఈ లెక్క తెలిసిన రైతు మోటరు ఎప్పుడు ఆపాలో తేల్చుకోగలడు. గాలి వేగం చూసి మందు పిచికారీ వాయిదా వేయవచ్చు. తేమ పెరిగే రోజుల్లో తెగుళ్ల మీద కన్నేసి ఉంచవచ్చు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత, తేమ కలిపి చూస్తే ఉపాధి హామీ పనులకు, పిల్లల ఆటలకు ఏ వేళ క్షేమమో తెలుస్తుంది.

పరిమితులు

ఇంటి కేంద్రం ఇప్పుడు ఏమవుతోందో చెబుతుంది, రేపు ఏమవుతుందో చెప్పదు. వరద, పిడుగు, వడగాడ్పు హెచ్చరికలకు వాతావరణ శాఖ ప్రకటనే ప్రమాణం. బీమాకూ పరిహారానికీ ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల లెక్కే చెల్లుతుంది. అయినా రెండు అధికారిక కేంద్రాల మధ్య ఉన్న ఖాళీని పూడ్చేది ఇళ్ల లెక్కలే. సెట్టు కొనే స్తోమత లేనివారు అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు తీసుకుని ఆరుబయట ఉంచి, రోజూ ఉదయం 8.30కు కొలిచి నోటుబుక్కులో రాసుకోవచ్చు. ఊరి బడిలో పిల్లల చేత ఈ పని చేయిస్తే పదేళ్లలో ఆ ఊరికంటూ సొంత వాన చరిత్ర తయారవుతుంది. వచ్చే మిరుగానికి ఆ మొదటి పేజీ తెరవండి.