నిలవ ఆహారం – వేడిమికి లెక్క కుదిరిన చరిత్ర

ఆహారం చెడిపోయినప్పుడు సాధారణంగా వాసన, రంగు, రుచి మనలను హెచ్చరిస్తాయి. కాని ఈ మూడింటిలో ఏదీ మారకుండానే ప్రాణం తీయగల విషం ఆహారంలో పుట్టవచ్చు. ఈ సత్యం తెలియడానికి ఎన్నో సంవత్సరాల ముందే మానవుడు ఆహారాన్ని మూతపెట్టి నిలవచేయడం నేర్చుకున్నాడు.

ఫ్రాన్సు దేశంలో నికొలా అప్పేర్ అనే మిఠాయి వర్తకుడు ఆహార పదార్థాలను గాజుసీసాలలో నింపి, బిరడాలు బిగించి, మరుగునీటిలో ఉంచేవాడు. 1810లో ఆయనకు ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. గాలి తగలకపోవడం వలననే ఆహారం నిలుస్తున్నదని ఆనాటి వారు తలచారు. చెడగొట్టేది సూక్ష్మజీవులని పాస్టర్ నిరూపించేసరికి సుమారు అర్ధ శతాబ్దం గడిచింది.

గాలి లేకపోవడమే రక్షణ అన్న నమ్మకాన్ని బెల్జియంలో జరిగిన ఒక దుర్ఘటన తలక్రిందులు చేసింది. 1895 డిసెంబరులో ఎల్‌జెల్ గ్రామంలో అంత్యక్రియలకు వచ్చిన వాద్యకారులు ఉప్పులో ఊరవేసిన పందిమాంసం తిన్నారు. వారిలో ముగ్గురు మరణించారు. వాన్ ఎర్మెంగెం అనే ఆచార్యుడు ఆ మాంసంలోనుండి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. అది ప్రాణవాయువు లేనిచోటనే పెరుగుతుంది! దానినే నేడు క్లాస్ట్రీడియం బొటులినం అంటున్నాము. అనగా, మూత బిగించిన డబ్బాయే దానికి అనువైన ఇల్లు.

ఈ బాక్టీరియా పుట్టించే విషం ఉడికిస్తే నశిస్తుంది. కాని దాని సిద్ధబీజాలు మరుగునీటికి సులభంగా లొంగవు. 1919లో అమెరికాలో నిలవచేసిన ఆలివ్ కాయలు తిని పలువురు మరణించారు. అటుపిమ్మట కార్ల్ మేయర్, ఎస్టీ అనే శాస్త్రజ్ఞులు ఈ బీజాల ఓర్పును కొలిచి, 1922లో ఫలితాలు ప్రకటించారు. కోట్ల కొలది బీజాలను తీసుకొని చూడగా, వాటిని నిర్మూలించడానికి 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 330 నిమిషాలు పట్టింది. 120 డిగ్రీల వద్ద 4 నిమిషాలే చాలినవి. అందుచేతనే పులుపు లేని కూరగాయల, మాంసాల డబ్బాలను పీడనంతో కూడిన ఆవిరిలో ఉడికిస్తారు. పుల్లని పండ్లలో ఈ బీజాలు మొలకెత్తవు కనుక వాటికి మరుగునీరు చాలును.

ఎంత వేడిమి చాలును? దీనికొక లెక్క ఉన్నది. 121 డిగ్రీల వద్ద సుమారు 12.5 సెకండ్లకు బీజాల సంఖ్య పదవ వంతుకు దిగుతుంది. ఇట్లు 12 పర్యాయాలు తగ్గించాలంటే రెండున్నర నిమిషాలు కావాలి. అప్పుడు డబ్బాకు ఒక్కొక్క బీజం ఉన్నదనుకున్నా, లక్ష కోట్ల డబ్బాలలో ఒక్కదానిలో మాత్రమే బీజం మిగిలే అవకాశం ఉంటుంది. అపాయం సున్న కాలేదు; అంకెకు అందింది.

ఇంత అరుదైన అపాయాన్ని తయారైన డబ్బాలను విప్పి చూసి పట్టుకోవడం అసాధ్యం. విప్పిన డబ్బా అమ్మకానికి పనికిరాదు. విప్పని డబ్బా సంగతి తెలియదు. కాబట్టి తయారీలో అపాయం కలిగే ప్రతి ఘట్టాన్నీ ముందుగా గుర్తించి, అక్కడనే అదుపు చేయాలన్న పద్ధతి రూపొందింది. 1959 నుండి అమెరికాలో వ్యోమగాముల ఆహారం కొరకు జరిగిన కృషిలో ఇది ప్రారంభమైంది.

శీతల యంత్రం వచ్చాక సమస్య మరొక రూపం దాల్చింది. చలి సూక్ష్మజీవులను చంపదు. పెరుగుదలను మందగింపజేస్తుంది, అంతే. బొటులినంలో కొన్ని రకాలు 3 డిగ్రీల వద్దనే పెరుగుతాయి. లిస్టీరియా అనే బాక్టీరియా సున్న డిగ్రీల సమీపంలో కూడ పెరగగలదు. 1985లో కాలిఫోర్నియాలో మెత్తని జున్ను ద్వారా వ్యాపించిన లిస్టీరియా గర్భస్థ శిశువులను సైతం బలిగొన్నది. అందువలన చల్లగా నిలవచేసే వంటకాలకు ముందు తగిన వేడిమి, పిదప తగిన చలి, నియమిత గడువు – మూడూ కావాలి.

ఉబ్బిన డబ్బాను రుచి చూడక పారవేయమనడం వెనుక ఇంత చరిత్ర ఉన్నది. అయితే ఉబ్బని డబ్బాను మనం నమ్మి తింటున్నామంటే, అది నాలుకపై నమ్మకం కాదు. ఆవిరి పాత్ర వద్ద ఉష్ణమాపకాన్ని, గడియారాన్ని కనిపెట్టి చూచే మనిషిపై నమ్మకం.