తప్పు మీట నొక్కితే

లెక్క చేసేటప్పుడు ఒక అంకె బదులు ఇంకోటి నొక్కడం మనిషికి మామూలే. దాన్ని దిద్దుకోవడానికి యంత్రం ఎంత గడువిస్తుందన్నదే అసలు ప్రశ్న. కాలిక్యులేటర్ల చరిత్రను ఈ గడువు చరిత్రగా కూడా చదువుకోవచ్చు.

షికాగోలో డార్ ఫెల్ట్ 1887లో పేటెంట్ పొందిన కాంప్టోమీటర్ అసలు గడువే ఇవ్వదు. మీట నొక్కగానే అంకె మొత్తంలో కలిసిపోతుంది. వందల వరుసలో 4 బదులు 7 పడితే 300 ఎక్కువైనట్టే. దాన్ని తీసేయాలంటే మీటల మీద చిన్నగా ముద్రించిన పూరక అంకెలతో తీసివేత చెయ్యాలి. మీట సగమే దిగితే మరో గండం: గబగబా నొక్కుకుంటూ పోయే గుమస్తాకు ఆ సంగతే తెలీదు. 1910ల నాటి నమూనాల్లో దీనికి మందు దొరికింది. సగం నొక్కితే మిగతా వరుసలు బిగుసుకుపోతాయి. ఆ మీటను పూర్తిగా నొక్కి, తాళం విడిపించే మీట కూడా నొక్కితేనే పని సాగుతుంది. ఇనుప చక్రాలతో ఇంత తెలివి చూపించడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

విలియం బరోస్ కూడిక యంత్రం ఇంకో దారి పట్టింది. నొక్కిన మీటలు దిగి అలాగే ఉంటాయి, పిడి లాగేదాకా ఏదీ లెక్కలోకి రాదు. ఆలోగా కళ్లతో సరిచూసుకోవచ్చు.

స్లైడ్ రూల్‌ను మూలకు నెట్టిన జేబు కాలిక్యులేటర్ హెచ్‌పీ-35 1972లో 395 డాలర్లకు వచ్చింది. దాని సీఎల్ఎక్స్ మీట చివరి సంఖ్యను మాత్రమే చెరుపుతుంది. గుణకారం చేసేశాక నాలుక కరుచుకుంటే మళ్లీ మొదటికే. మరుసటి ఏడాది హెచ్‌పీ-45లో చేరిన లాస్ట్ ఎక్స్ మీట ఆ బాధ తీర్చింది. 48ని 6తో భాగించబోయి గుణించారనుకోండి, తెర మీద 288. లాస్ట్ ఎక్స్ నొక్కితే ఆ 6 తిరిగొస్తుంది, భాగిస్తే 48. మళ్లీ లాస్ట్ ఎక్స్, మళ్లీ భాగహారం: 8. జరిగిపోయిన లెక్కను వెనక్కి నడిపించడమన్నమాట.

ఆ తర్వాత లెక్క మొత్తాన్ని తెర మీద రాసి చూపే రకాలొచ్చాయి. మన ఇంజనీరింగ్ విద్యార్థుల చేతుల్లో నలిగిన క్యాసియో ఎఫ్ఎక్స్-991ఎంఎస్ ఆ కోవదే. 15×48కి బదులు 15×84 కొట్టినా, బాణం మీటతో 8 మీదికి జరిగి 48 నొక్కితే పాతవాటి మీదే కొత్త అంకెలు పడతాయి. రెండు గుణకారపు గుర్తులు పక్కపక్కన పడితే సింటాక్స్ ఎర్రర్. అప్పుడు బాణం నొక్కితే కర్సర్ నేరుగా తప్పు దగ్గరే నిలుస్తుంది. అంకెలు తారుమారైతే మాత్రం దానికేమీ పట్టదు, 1260 అని నిబ్బరంగా చూపిస్తుంది.

ఆ ఇంజనీరింగ్ విద్యార్థులే పై చదువుల కోసం రాసే గేట్ పరీక్షకు మాత్రం 2016 నుంచి సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. కంప్యూటర్ తెర మీది బొమ్మ మీటలను మౌస్‌తో ఒక్కొక్కటే నొక్కాలి. ఏళ్లుగా వేళ్లకు అబ్బిన వేగం అక్కడ పనికిరాదు. అందుకే అభ్యర్థులు ఆ కాలిక్యులేటర్‌నూ ముందే సాధన చేసి వెళ్తారు.