పొరలు, పారదర్శకత (గింప్)

బొమ్మను ఒకదానిపై ఒకటి పరిచిన పలుచని రేకులుగా విడదీసి దిద్దే పద్ధతి. ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఇందుకు ఎక్కువగా వాడేది గింప్. 1995లో బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారు.

బొమ్మలోని ప్రతి చుక్కకూ (పిక్సెల్) ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు ఆల్ఫా అనే నాలుగో విలువ ఉండవచ్చు. మామూలు 8 బిట్ల బొమ్మలో ఆల్ఫా 0 అయితే చుక్క కనిపించదు, 255 అయితే కిందిదాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ ఫ్లెక్సీ కోసం పులికాట్ ఫొటోలోంచి ఒక పక్షిని విడదీయాలనుకుందాం. ఆ ఫొటో జేపెగ్ అయితే అందులో ఆల్ఫా ఉండదు. ఆల్ఫాను చేర్చకుండా రబ్బరు రుద్దితే బ్యాక్‌గ్రౌండ్ రంగు, సాధారణంగా తెలుపు, పడుతుంది. చేర్చాక రుద్దితే బూడిదరంగు గళ్లు కనిపిస్తాయి. అవి బొమ్మలోవి కావు, అక్కడ ఏమీ లేదనడానికి గుర్తు. అసలు చెరపడం కన్నా పొరకు తగిలించే మాస్క్ మేలు: దానిపై నలుపు పూస్తే దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. చిక్కంతా ఈకల అంచుల్లోనే. అక్కడి చుక్కల్లో గులాబీ రంగుతో సరస్సు నీళ్ల రంగు కలిసిపోయి, ముదురు నేపథ్యంపై పెట్టగానే పక్షి చుట్టూ పాలిపోయిన గీత తేలుతుంది.

పొరలు విడివిడిగా నిలవాలంటే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో దాచాలి. పీఎన్‌జీలో పారదర్శకత మిగులుతుంది, పొరలు కలిసిపోతాయి. జేపెగ్‌లో రెండూ పోతాయి.