మిల్లులో సర్కారు వడ్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరగా, సర్వీసంతా నేను లెక్కలు కట్టిన వడ్లు, బియ్యమే గుర్తుకు వచ్చినవి.

మా నడిగూడెం పూర్వం మునగాల పరగణాలోనిది. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, పరగణా మాత్రం కృష్ణా జిల్లా క్రింద బ్రిటిష్ పాలనలో ఉండేది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పొలిమేర దాటితే నిజాం సర్కారు లెవీ. పెద్ద దొరలు తప్పించుకొనేవారు, చిన్నరైతు గింజలు కొలిచేవాడు. వసూలు చేసేవానిపై నిఘా లేకపోవడమే అందుకు కారణం.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినది. 1967లో సాగరు కాలువలకు నీరు వదిలిన తర్వాత మిర్యాలగూడ, కోదాడలలో మిల్లులు పెరిగినవి. లెవీ మిల్లర్లపైకి మారినది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకానికి ఈ ఏర్పాటే ఊతం. 2015 అక్టోబరుతో మిల్లు లెవీ ముగిసినది.

ఇప్పుడు సర్కారే మద్దతు ధరకు వడ్లు కొని మిల్లుకు పంపుతుంది. క్వింటాలుకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు తిరిగి ఇవ్వాలి. సొత్తు సర్కారుది, తాళం చెవి మిల్లరుది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

1990లలో ఒక మిల్లు తనిఖీకి వెళ్ళి, బస్తాల నెట్టును పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కించి, రిజిస్టరుతో సరిపోయినదని సంతకం చేసితిని. మరుసటి నెల వచ్చిన అధికారి, "పైకి ఎక్కి చూశావా?" అని అడిగారు. ఎక్కితే, నడుమ గుల్ల! నాలుగు వైపులా బస్తాలు, లోపల ఖాళీ. మిల్లరు చేసిన మోసం కంటే నా సంతకమే నన్ను ఎక్కువ బాధించినది. ఆ లోటు బియ్యం ఏ పేదవాని సంచిలోనిదో!

మిల్లర్లందరూ అటువంటివారు కారు. వారు లేనిదే మన వడ్లు బియ్యం కావు. 2025 ఉగాదినాడు మన హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం పంపిణీ మొదలైనది, మనిషికి 6 కిలోలు. చౌకధర దుకాణంలో వేలిముద్ర యంత్రం ఉన్నది. కాని వేలిముద్ర చివరి మెట్టును మాత్రమే కాపాడుతుంది. మిల్లులోని నెట్టును కాపాడేది దాని పైకెక్కి చూసే ఉద్యోగే.

ఈ శాఖలో పనిచేస్తున్న మన పిల్లలకు నా మనవి ఒక్కటే: నెట్టు ఎక్కండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.