ఒకే రేడియో – రెండు తీర్పులు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పాలు పొంగకుండా ఒక కన్ను పొయ్యి మీదా, ఒక చెవి రేడియో మీదా వేసి పని చేసుకున్న తరం మనది. కిశోర్ కుమార్ పాట వినని వాళ్లు మనలో ఎవరుంటారు? ఆ కిశోర్ కుమార్ పాటల్ని 1976 మే నెలలో ఆకాశవాణిలోనూ, వివిధభారతిలోనూ వెయ్యకుండా ఆపేశారు. ఆయన గొంతు పాడై కాదు, పాటలు పాతబడీ కాదు. ప్రధానమంత్రి ఇరవై సూత్రాల కార్యక్రమానికి ప్రచారం చేసిపెట్టమని కేంద్ర సమాచార శాఖ వారు అడిగితే ఆయన ఒప్పుకోలేదు, అంతే. తర్వాత షా కమిషన్ విచారణలో ఈ భాగోతమంతా బయటపడింది.

పాటకే ఈ గతి పడితే వార్తల సంగతి వేరే చెప్పాలా? ఈవేళ నేను చెప్పబోయేది ఆ రోజుల్లో వచ్చిన 1977 లోక్‌సభ ఎన్నికల గురించి. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక చిక్కుముడి ఆ ఎన్నికల్లో ఉంది. దేశమంతా ఒకే రేడియో వింది. అవే వార్తలు, అవే ప్రసంగాలు. ఉత్తరాదివారు ఒక తీర్పిచ్చారు, మన ఆంధ్రప్రదేశ్ దానికి సరిగ్గా ఎదురు తీర్పిచ్చింది. ఎందువల్ల?

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1975 జూన్ 25 అర్ధరాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ రాత్రే ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి కరెంటు తీసేశారు. మర్నాడు పొద్దున ఇందిరాగాంధీగారు రేడియోలో మాట్లాడితేనే చాలామంది జనానికి సంగతి తెలిసింది. ఆ వెంటనే పత్రికల మీద సెన్సారు వచ్చింది. ఏం అచ్చు వెయ్యాలన్నా ముందు అధికారికి చూపించాలి. కొన్ని పత్రికలు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసి తమ నిరసన తెలిపాయి. బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో జూన్ 28న చావు కబుర్ల మధ్య ఒక చిన్న ప్రకటన పడింది. సత్యానికి భర్తా, స్వేచ్ఛకు తండ్రీ అయిన ఫలానా పెద్దమనిషి 26వ తేదీన కాలం చేశారట! ఆ పేరులోని అక్షరాలు కూడబలుక్కుంటే డెమోక్రసీ అని వస్తుంది. సెన్సారు అధికారి పెద్ద పెద్ద శీర్షికలు చూసుకున్నాడు గాని, మూలనున్న చావు కబుర్లు చూడలేదన్నమాట. ఇంట్లో ఆడవాళ్లు మాత్రం పేపరు చేతికొస్తే ముందు చూసేది అవేనాయె!

పత్రికల వారు ప్రైవేటు మనుషులు గనుక వాళ్లను భయపెట్టాల్సి వచ్చింది. రేడియోకి ఆ అవసరమే లేదు, అది సర్కారు సొత్తు. 1975 సెప్టెంబరులో ఆకాశవాణి స్టేషన్ డైరెక్టర్లను ఢిల్లీకి పిలిపించి, ఇది ప్రభుత్వ సంస్థ, ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చు అన్న అర్థంలో ప్రధానిగారే మాట్లాడారు. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తా సంస్థల్ని కలిపేసి ‘సమాచార్’ అని ఒక్కటి చేశారు. నాలుగు బావులు పూడ్చి ఒక్క కుళాయి బిగించినట్టు అనుకోండి. ఆ కుళాయి తిప్పే చెయ్యి ఎవరిదో చెప్పనక్కర్లేదు. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి మరీ మనం విన్న రేడియో అది!

అటువంటి పరిస్థితుల్లో 1977 జనవరి 18న ఎన్నికలు జరుపుతామని ఇందిరాగాంధీగారు రేడియోలోనే ప్రకటించారు. జైళ్లలోని నాయకులు ఒక్కరొక్కరే బయటికి వస్తున్నారు. ఆ వారంలోనే బెంగుళూరులో స్నేహలతారెడ్డిగారు పోయారు. ‘సంస్కార’ సినిమాలో నటించిన ఆవిడే. మన నెల్లూరు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పఠాభిగారి భార్య. ఉబ్బసం మనిషిని 1976 మేలో పట్టుకెళ్లి నెలల తరబడి జైల్లో ఉంచారు. ప్రాణం మీదికి వచ్చాక జనవరి 15న పెరోల్ మీద వదిలారు. అయిదు రోజులకే, 20న, ఆవిడ కన్నుమూశారు. ఆవిడ మీద నేరం రుజువైందీ లేదు, అసలు విచారణ జరిగిందీ లేదు. ఇటువంటి కబురు దేశంలో ఎన్ని ఇళ్లకు చేరి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఫిబ్రవరి 2న జగ్జీవన్ రామ్‌గారు కాంగ్రెసు నుంచి బయటికి వచ్చేశారు. ప్రతిపక్షాలు అప్పటికే జనతా పార్టీగా ఒకటయ్యాయి. 6వ తేదీ ఆదివారం ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో వాళ్ల బహిరంగ సభ. ఆ సాయంత్రమే ఢిల్లీ దూరదర్శన్‌లో ‘బాబీ’ సినిమా వేశారు. డింపుల్ కపాడియా, రిషీ కపూర్‌ల సినిమా వస్తుంటే సభకు ఎవరు పోతారులే అని ఎత్తు. సాధారణంగా ఏ పాత సినిమానో చూపించే టీవీ వారికి ఆ పూటే అంత ఉదారబుద్ధి పుట్టిందన్నమాట! అయినా మైదానం కిక్కిరిసిపోయింది. బాబూజీ బాబీని ఓడించాడని పత్రికలు మర్నాడు చమత్కరించాయి. మన హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం ఆ ఏడాది అక్టోబరులో గాని రాలేదు గనుక ఆ వేడుక మనకు దక్కలేదు. మనకు ఉన్నదల్లా రేడియో ఒక్కటే.

మార్చి 16 నుంచి 20 దాకా పోలింగు జరిగింది. కాంగ్రెసు గుర్తు ఆవూ దూడా, జనతా గుర్తు చక్రంలో నాగలి మోస్తున్న రైతు. ఫలితాలు వస్తున్న రాత్రి ఢిల్లీలో జనం రేడియోను నమ్మక పత్రికాఫీసుల ముందు బోర్డుల దగ్గర గుమిగూడారు. ఇళ్లలో ఉన్నవాళ్లు బీబీసీ పెట్టుకున్నారు. రాయ్‌బరేలీలో ప్రధానమంత్రే 55,202 ఓట్ల తేడాతో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలుంటే కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. బీహారులో 54కి 54 పోయాయి. పంజాబు, హర్యానా, ఢిల్లీల్లోనూ సున్నాయే. 1971లో 352 గెలిచిన పార్టీకి ఈసారి దేశం మొత్తం మీద దక్కినవి 154.

ఇక మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెసువే. జనతా తరఫున గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే. కాంగ్రెసుకు వచ్చిన మొత్తం సీట్లలో పావువంతు పైన మనమిచ్చినవే అన్నమాట.

అప్పట్నించీ కొందరు పండితులు ఒక మాట అంటూ వచ్చారు, ఉత్తరాది ఓటరు తెలివైనవాడు, దక్షిణాది వాళ్లు రేడియో చెప్పిందల్లా నమ్మే అమాయకులు అని. నేనైతే ఒప్పుకోను. రేడియో మాటకే ఓట్లు రాలేటట్లయితే బీహారులోనూ రాలాలి కదా! అక్కడి రేడియో ఏమీ వేరే పాట పాడలేదే.

అసలు కారణం ఇళ్లలో ఉంది. ఆ కబురు ఆడవాళ్లకు మగవాళ్లకంటే బాగా తెలుసు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షల పైచిలుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అంతకు ముందరి ఏడు జరిగినవి 27 లక్షల లోపు. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకు చేసినవి. ఉత్తరాదిన టీచర్లకూ, గుమాస్తాలకూ ఇంతమందిని తీసుకురావాలని లెక్క కట్టి, తేకపోతే జీతాలు ఆపేశారు. హర్యానాలో ఉటావర్ అనే ఊరిని 1976 నవంబరులో పోలీసులు తెల్లవారుజామున చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. అదే ఏడాది ఏప్రిల్లో ఢిల్లీలో తుర్కమాన్ గేటు దగ్గర ఇళ్లు కూలగొట్టి, అడ్డం వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిపారు. చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం అని రేడియో ఎంత మధురంగా చెబితే మాత్రం ఏం లాభం? మొగుణ్ణి లారీ ఎక్కించుకుపోయిన ఇల్లాలికి ఆ మాట ఎలా వినబడుతుంది? తన కళ్లముందు జరిగినదాన్ని ఏ రేడియో కాదనలేదు.

మన దగ్గర ఆ బీభత్సం అంతగా లేదు. మనవాళ్లకు కళ్లెదుట కనిపించినవి ఇళ్ల స్థలాల పట్టాలూ, వేళకు వచ్చే రైళ్లూ, ఆఫీసులో సీట్లో ఉండే గుమాస్తాలూ. జలగం వెంగళరావుగారి ప్రభుత్వం గట్టిగా ఉందన్న పేరు కూడా ఉంది. అయితే అంతా సుభిక్షమేనా అంటే, కాదు. 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతు ఉద్యమకారుల్ని ముషీరాబాదు జైల్లో ఉరితీశారు. విప్లవ కవులు జైళ్లలో ఉన్నారు. అడవుల్లో ఎన్‌కౌంటర్ల పేరిట యువకుల్ని చంపారు. ఇవన్నీ మన రాష్ట్రంలోనే జరిగాయి. అయినా పట్నాల్లోని మన వీధులకు అవి రాలేదు, పేపర్లో రానీయలేదు, రేడియో ఎలాగూ చెప్పలేదు.

ఇక్కడే ఉంది కీలకమంతా. సెన్సారు ఉత్తరాదివాడి కళ్లు మూయలేకపోయింది గాని, అతని గోడు మన చెవిని పడకుండా చేసింది. ఉటావర్‌లో ఏం జరిగిందో ఒంగోలులో తెలియదు, తుర్కమాన్ గేటు మాట తెనాలిలో వినలేదు. మన ఓటర్లు తాము చూసినదాన్ని బట్టే ఓటేశారు. చూడనిదాన్ని చెప్పే దిక్కు లేకపోయింది.

బీబీసీ లేదా అంటారేమో. ఉంది, హిందీలో ఉంది. ఉత్తరాది పల్లెల్లో రాత్రిపూట దాని చుట్టూ జనం చేరేవారు. బీబీసీ వారికి తెలుగు విభాగం మాత్రం 2017 దాకా లేదు. మాస్కో రేడియోలో తెలుగు వినిపించేది గాని, సోవియట్ ప్రభుత్వం ఎమర్జెన్సీని సమర్థించింది, ఇంక అక్కడ వినేదేముంది? ఇంగ్లీషూ హిందీ రాని ఇల్లాలికి ప్రపంచమంటే ఆకాశవాణి వార్తలే. అలాగని ఇదొక్కటే కారణమని నేను బల్లగుద్ది చెప్పను. తమిళంలో బీబీసీ ఎప్పటినుంచో ఉంది, అయినా అక్కడా అన్నాడీయంకే, కాంగ్రెసుల కూటమే 39లో 34 గెలుచుకుంది. ఇందిరమ్మ మీద దక్షిణాది అభిమానం కూడా తీసెయ్యదగ్గది కాదు. 1980లో ఆవిడ రాయ్‌బరేలీలోనూ, మన మెదక్‌లోనూ రెండుచోట్లా గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు.

సెన్సారు వల్ల మోసపోయినవాళ్లు ఇంకొకరున్నారు, స్వయంగా పాలకులే. తాము రాయించుకున్న పేపరు తామే చదువుకుని, తాము చెప్పించుకున్న వార్తలు తామే విని, జనం సంతోషంగా ఉన్నారనుకున్నారు. గెలుస్తామన్న ధీమాతోనే ఎన్నికలు పెట్టారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఉప్పు ఎక్కువైందని చెప్పే నోళ్లన్నీ మూయించాక వంట బ్రహ్మాండంగా ఉందనే అనిపిస్తుంది మరి!

ఆడవాళ్ల ఓట్ల గురించి ఒక మాట. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు జాబితా రాసేవాళ్లకు పేరు చెప్పలేదు, ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్‌గారు పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షలమంది జాబితాలోంచి పోయారు. వీళ్లలో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రాంతాలవాళ్లు. పాతికేళ్లకు అవే రాష్ట్రాలు ప్రభుత్వాన్ని దింపేశాయి. 1977లో దేశం మొత్తంమీద మగవాళ్లు నూటికి 65 మందికి పైగా ఓటు వేస్తే ఆడవాళ్లు 55 మంది దాకా వేశారు. ఆ పది మంది తేడా చెరిగిపోవడానికి 2019 దాకా పట్టింది. ఆ ఎన్నికల్లో మొదటిసారి ఆడవాళ్ల శాతం వెంట్రుకవాసి పైకొచ్చింది.

కొత్త ప్రభుత్వం వచ్చాక, ప్రచార సాధనాల దుర్వినియోగం మీద 1977 ఆగస్టులో శ్వేతపత్రం వేసింది. సమాచార శాఖ మంత్రి అద్వానీగారు పత్రికలవారిని, మిమ్మల్ని వంగమన్నారంతే, మీరు పాకారని ఎద్దేవా చేశారు. ఆ మాట అందరికీ తగిలేది కాదు, సంపాదకులు కొందరు జైలుకు కూడా వెళ్లారు. ఫలితాల మర్నాడే రంగు మార్చిన పేపర్లూ ఉన్నాయి లెండి. గుర్తింపు పొందిన పార్టీలన్నిటికీ ఎన్నికల వేళ రేడియోలో సమయం ఇచ్చే పద్ధతి 1977లోనే మొదలయింది. రేడియోను సర్కారు చేతిలోంచి తప్పించి స్వతంత్ర సంస్థ చెయ్యాలని బి.జి. వర్గీస్‌గారి సంఘం 1978లో సిఫారసు చేసింది. అధికారం లేనప్పుడు ఆ సిఫారసు అన్ని పార్టీలకూ నచ్చింది. అధికారంలోకి వచ్చాక ఎవరికీ తొందర లేకపోయింది. ప్రసార భారతి చట్టం 1990లో చేశారు. అది అమల్లోకి వచ్చేసరికి 1997 అయింది.